దిండు బరువు

శుక్రవారం వెళ్లాల్సిన వాళ్లం ఆదివారం ఎందుకు వెళ్లామని మీరంతా అడుగుతున్నారు. దారిలో వర్షమని ఒకరికి, సెలవు కుదరలేదని ఒకరికి చెప్పాను. రెండూ అబద్ధాలే. అసలు సంగతి చెబుతాను, నవ్వదలుచుకున్నవాళ్లు మొదట్లోనే నవ్వేయండి.

నేను గడియారాలు బాగుచేస్తానని మీకు తెలుసు. మా ఆవిడ లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా చేతుల్లో పడే చక్రాలు, ముళ్లు, స్ప్రింగులు అన్నీ కలిపి తూచినా ఒక నిమ్మకాయంత ఉండవు. ఆవిడ ముందు నుంచి పోయే సరుకు ఓ చిన్న కొండంత ఉంటుంది. ఇంట్లో ఎవరి మాటకు బరువో వేరే చెప్పనక్కర్లేదు.

కిందటేడు మేమిద్దరం కలిసి ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాం. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానాల గది, అన్నీ బండిలోనే. మేం దాన్ని బండిల్లు అంటాం. మా వెనక వీధిలోవాళ్లు ఏమంటారో కూడా నాకు తెలుసు గానీ ఇక్కడ చెప్పను.

పదకొండేళ్లలో మొదటిసారి మా ఆవిడకు వరసగా పది రోజులు సెలవు దొరికింది. శుక్రవారం ప్రయాణం. వారం ముందు నుంచీ బండిల్లు కింద గడగడమని చప్పుడు. సైలెన్సర్‌ను పట్టుకుని ఉండే క్లిప్పు ఒకటి విరిగి, గొట్టం వేలాడుతోంది. మెకానిక్కు చెబితే రేపు వస్తానన్నాడు. ఆ మనిషి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ రేపయ్య అనే పిలుస్తారు. సోమవారం రేపన్నాడు, మంగళవారం రేపన్నాడు, బుధవారం నేను అడక్కముందే రేపన్నాడు.

గురువారం పొద్దున్న నాకు పౌరుషం వచ్చింది. ఆవగింజంత స్క్రూ బిగించగలిగినవాణ్ని, అరచేయంత క్లిప్పు బిగించలేనా? ఆవిడ డ్యూటీ రెండింటి దాకా. వచ్చేసరికి పని పూర్తి చేసి, ఏమీ ఎరగనట్టు స్టార్ట్ చేసి చూపించాలి. చప్పుడేదండీ అని ఆవిడ అడగాలి. ఏ చప్పుడు అని నేను అనాలి. ఈ మాట అద్దం ముందు రెండుసార్లు అని కూడా చూసుకున్నాను.

సరంజామా అంతా పక్కింటాయన దగ్గర దొరికింది. ఆయన రిటైరై పదేళ్లయింది. అడిగినా అడక్కపోయినా సలహా ఇస్తారు గనక ఆయన్ని ఉచితం గారంటాం. తన బుల్లి కారు జాకీ తెచ్చిచ్చారు, గోడ కట్టగా మిగిలిన బోలు సిమెంటు ఇటుకలు నాలుగు ఇచ్చారు. ఇల్లే నిలబడుతుంది ఇటుకల మీద, మీ బండి ఎంత అన్నారు. ఆ మాట నాకు చాలా సబబుగా తోచింది.

జాకీ మీద ఒక టన్ను అని రాసి ఉంది. మా బండిల్లు బరువెంతో నాకు సరిగ్గా తెలీదు. నాలుగు టన్నులనుకున్నా, నాలుగు చక్రాలు కదా, చక్రానికో టన్ను. జాకీకి సరిగ్గా సరిపోయింది. గడియారంలో ఇంత సరిగ్గా సరిపోయిందంటే మేం ఇంకేమీ అనుమానించం. అయినా ఎందుకైనా మంచిదని మా ఆవిడకు ఫోన్ చేశాను.

"మన బండిల్లు బరువెంత ఉంటుంది?" అని అడిగాను.

"ఎందుకండీ?"

"ఊరికే."

ఇరవై రెండేళ్ల కాపురంలో నేను ఏ వస్తువు బరువూ ఊరికే అడిగినవాణ్ని కాదు. ఈ సంగతి నాకు తర్వాత తట్టింది, ఆవిడకు అప్పుడే తట్టింది.

"చెబుతాను గానీ, మా కాటా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఖాళీ బండి వేరు, సరుకు వేరు. లోపలున్న సామాను లెక్క తేలందే బండి బరువు చెప్పకూడదు. మీరు ఒక్కొక్కటే బయటికి తీసి, తూచి, రాసి పెట్టండి. తేలాక ఫోన్ చేయండి," అంది. కాస్త ఆగి, "ఉజ్జాయింపుగా వద్దు. మీకు చెప్పాలా, గ్రాముల్లో కావాలి," అని కూడా అంది.

ఆ ఆఖరి మాటతో నేను పడిపోయాను. ఎవరైనా నన్ను ఖచ్చితంగా పని చేయమంటే నాకు ఒళ్లు తెలీదు. స్నానాల గదిలోంచి మనుషులు ఎక్కే తూకం మిషను తెచ్చాను. కొట్లోంచి నా చిన్న త్రాసు తెచ్చాను. పరుపు, కుర్చీలు, దుప్పట్లు, బకెట్లు పెద్దదాని మీద. చెంచాలు, గరిటెలు, సబ్బుపెట్టె, దువ్వెన చిన్నదాని మీద. పరుపును ఎత్తుకుని నేను మిషను ఎక్కి, తర్వాత పరుపు లేకుండా నేనొక్కణ్నే ఎక్కి, తేడా తీశాను. పనిలో పనిగా నా బరువు కూడా తేలింది. దాని గురించి తర్వాతెప్పుడైనా మాట్లాడుకుందాం.

గంట గడిచేసరికి సామాను గేటు దాటి వీధిలోకి వచ్చింది. దారిన పోతున్న ఒకావిడ మడత కుర్చీ చూసి ఎంతకిస్తారని అడిగింది. అమ్మడం లేదు, తూస్తున్నానంటే నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. ఒక పెద్దాయన పరుపు నొక్కి చూసి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా బాబూ అని అడిగాడు. ఉచితం గారు నా పక్కన కూర్చుని అంకెలు రాశారు. ఇరవై ఎనిమిదో వస్తువు దగ్గర గరిటెకీ అట్లకాడకీ తేడా ఏమిటని మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆయన కలం పారేసి ఇంటికి వెళ్లిపోయారు.

ఎనభై మూడు వస్తువులు తూచి ఫోన్ చేశాను. నీళ్ల ట్యాంకు సంగతేమిటని అడిగింది. నీళ్లు బకెట్లతో పట్టి, బకెట్టు బరువు తీసేసి, లీటర్ల లెక్క రాశాను. మళ్లీ చేశాను. కర్టెన్లు మరిచిపోయారా అంది. కర్టెన్లు విప్పాను. ఆ తర్వాత చేస్తే ఆవిడ ఫోన్ ఎత్తలేదు.

అప్పటికి పన్నెండున్నర. ఆవిడ వచ్చేలోగా పని కావాలంటే ఇక ఆగడానికి లేదు. పైగా ఇంత సామాను తీశాక బండి ఎంత తేలికైందో నా ఒళ్లు నొప్పులే చెబుతున్నాయి. జాకీ పెట్టాను. బండి ఉన్నది ఇంటి ముందు తోటలో, పొద్దున్నే నీళ్లు పెట్టిన నేల కదా, జాకీ ఒక పక్కకు కూరుకుపోయింది. వంటింట్లోంచి కూరగాయలు తరిగే చెక్క తెచ్చి కింద పెట్టాను. బండి లేచింది. లేస్తూ జానెడు వెనక్కి జరిగి రెండు పూలకుండీలను పిండి చేసింది. నేను జాకీని మళ్లీ సరిచేసి, మూలుగుతున్నా వినకుండా పైకెత్తి, బోలు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి బండిని వాటి మీద ఆనించాను. కింద దుప్పటి పరిచాను. తల కింద దిండు పెట్టుకున్నాను. క్లిప్పు, స్పానర్లు గుండెల మీద పెట్టుకుని నడుము దాకా లోపలికి జరిగాను.

కింద చల్లగా, బాగుంది. గొట్టం నా ముక్కుకు జానెడు పైన. ఇంతేనా అనుకున్నాను.

గేటు చప్పుడైంది. ఎవరో పరిగెత్తుకొచ్చి, నా కాళ్ల దగ్గర ఆగి, కిందికి వంగి చూసినట్టు తెలిసింది. తర్వాత మా ఆవిడ గొంతు వినిపించింది. అరవలేదు. కూర ఏం చేయమంటారని అడిగేటప్పటి గొంతుతోనే అడిగింది.

"ఏవండీ, ఆ దిండు తూచారా?"

నాకు గుండె జారిపోయింది. దొరికిపోయినందుకు కాదు, దిండు లెక్కలో రానందుకు. నిజంగానే దాన్ని తూయలేదు.

"లేదు," అన్నాను.

"అయితే పట్రండి. ఆ ఒక్కటే మిగిలింది."

నేను దిండు చంకలో పెట్టుకుని పాకుతూ బయటికి వచ్చాను. ఆవిడ వైపు చూడకుండా మిషను దగ్గరికి నడిచి, దిండు పెట్టి, వంగి అంకె చదవబోయాను. వెనక పటపటమని ఒక చప్పుడు, తర్వాత దబ్బున ఇంకొకటి. నేల అదిరింది. తిరిగి చూస్తే ఇటుకలు నాలుగూ పొడైపోయి ఉన్నాయి. జాకీ వంకరపోయి చెక్క మీంచి దూరంగా పడి ఉంది. బండిల్లు నేలకు దిగిపోయింది. దుప్పటి కొస మాత్రం బయటికి కనిపిస్తోంది. మధ్యలో నా తల ఉండాల్సిన చోట ఇనుప కమ్మీ ఆనుకుని ఉంది.

మా ఆవిడ అక్కడే నేల మీద కూలబడిపోయింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర నొక్కి పెట్టుకుంది. నాడి చూస్తోందని కాసేపటికి గానీ అర్థం కాలేదు. నేను బతికున్నందుకు ఎవరికి దండం పెట్టాలో తెలీక ఆవిడ చేతికే దండం పెట్టాను.

"అరిచి ఉంటే ఏం చేసేవారు?" అంది చాలాసేపటికి.

ఆలోచించాను. ఒక్క నిమిషం, అయిపోయిందని కింద నుంచే జవాబు చెప్పేవాణ్ని. ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను.

అప్పుడు చూశాను, గేటు దగ్గర రేపయ్య నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఆయన వ్యానులో లారీల షెడ్డు నుంచి తెచ్చిన ఇనుప స్టాండ్లు, పెద్ద జాకీ, చక్రాల అడ్డుచెక్కలు ఉన్నాయి. మూడు రోజులు రేపన్న మనిషిని ఈ రోజు ఎలా తెచ్చావని మా ఆవిడను అడిగాను. రేపు వస్తే రిపేరుకు కాదు, పరామర్శకు రావాలని చెప్పిందట. డ్యూటీ ఇంకొకరికి అప్పగించి, ఆయన వ్యానులోనే వచ్చేసింది. నేను కర్టెన్లు విప్పుతున్నప్పుడు ఆవిడ స్టాండ్ల కోసం షెడ్డు వాళ్లతో పోట్లాడుతోంది.

బండి కింద ఇంకేమైనా దెబ్బతిన్నదేమో చూడటానికి ఒక రోజు, గొట్టం మార్చడానికి ఒక రోజు పట్టింది. శుక్రవారం ప్రయాణం ఆదివారానికి జరిగింది అందుకే.

శనివారం రేపయ్య మళ్లీ, అదీ చెప్పిన టైముకే, వచ్చాడు. బండిని మెత్తటి నేల మీంచి తీయించి, గేటు ముందు సిమెంటు చేసిన చదును మీద పెట్టించాడు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్లో ఉంచి, లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాడు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదని నాకు మూడుసార్లు చెప్పాడు. బండి పుస్తకంలో గుర్తు పెట్టిన చోటే ఎత్తి, రెండు స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దింపాడు. బండిని నిలబెట్టినప్పుడు ఊగకుండా వేసే కాళ్లున్నాయి కదా, వాటి మీద ఎత్తితే పోలేదా అని గోడ మీంచి ఉచితం గారు అడిగారు. అవి ఊగకుండా ఆపడానికే గాని, కింద మనిషి ఉండగా నమ్ముకోవడానికి కాదన్నాడు. ఉచితం గారు తనూ అదే అనబోయానన్నారు.

తర్వాత మా ఆవిడ ముందుకొచ్చి, బండికి భుజం ఆనించి గట్టిగా నెట్టింది. ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి. అంగుళం కదల్లేదు. ఇప్పుడు దూరండి అంది.

క్లిప్పు నేనే బిగించాను. రేపయ్య చేతులు ఆ సందులో పట్టలేదు, నా చేతులకు అది అలవాటే. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ మా ఆవిడ నా కాళ్ల దగ్గరే నిలబడింది. బాగుందా, బాగుందా అని మధ్యమధ్య అడుగుతూనే ఉంది. బాగుంది అని నేను చెబుతూనే ఉన్నాను. అంత పొందికగా మేం ఇద్దరం మాట్లాడుకుని చాలా ఏళ్లయింది.

సాయంత్రం బండిల్లు మెట్టు మీద కూర్చుని, నేను రాసిన జాబితా ముందేసుకున్నాను. ఎనభై మూడు వస్తువులు, నీళ్లు, కర్టెన్లు, అన్నీ కూడాను. చెంచాల దగ్గర దశాంశం తర్వాత రెండు అంకెలు కూడా వేశాను. ఇంత కష్టపడ్డాను కదా, ఇక ఆ లెక్కేదో చెప్పెయ్యి, మన బండి అసలు బరువెంత అని అడిగాను.

ఆవిడ తన చేతిసంచి తెరిచి, మడత పెట్టిన ఒక కాటా రశీదు తీసి నా చేతిలో పెట్టింది. బండి కొన్న రోజు తేదీ వేసి ఉంది. ట్యాంకు నిండా నీళ్లతో, సామానుతో తూచినది. ముందు ఇరుసు మీద ఒకటిన్నర టన్ను, వెనక ఇరుసు మీద రెండు టన్నుల ఎనిమిది వందల కిలోలు. వెనక ఒక్కో చక్రం మీద పడే బరువు ఆ టన్ను జాకీ ఎత్తేదానికంటే చాలా ఎక్కువ.

"ఇది నీ దగ్గర ఏడాది నుంచీ ఉందా?"

"మొదటి రోజే ఎక్కించి తూచాను. అలవాటు."

"మరి నా చేత చెంచాలు ఎందుకు తూయించావు?"

"చెంచాలు తూస్తున్నంతసేపు మీరు బండి కింద ఉండరు కదండీ," అంది.

నేను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను. బయట మిగిలిన దిండు తెచ్చి లోపల మంచం మీద, ఆవిడ వైపు వేసి, వచ్చి మళ్లీ పక్కన కూర్చున్నాను.