నాలుగో పాటలో కూర్చున్నవారు

ఒక పాటలోకి వెళ్ళి బయటికి రాని మనిషిని బతికున్నవారి జాబితాలో రాయాలా, అందుకోసం వేరే జాబితా తెరవాలా? ఈ ప్రశ్న జిల్లా కలెక్టరేటు నుంచి రాజధానికి వెళ్ళి పద్నాలుగు నెలలైంది. జవాబు రాలేదు. ఈలోగా నాలుగు వందల పన్నెండు మంది ఆ పాటలో కూర్చుని ఉన్నారు.

పాట పేరు "నిలవనీరు". "పొగబావి" అని పేరు పెట్టుకున్న వకుళ, ఇంతియాజ్ అనే ఇద్దరు చేసిన తొలి ఆల్బమ్ "మసకరేవు"లో అది నాలుగోది. రేవు పక్కన మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో దాన్ని రికార్డు చేశారు. వకుళ వయొలిన్ మీద కమానును కదిలీ కదలనంత నెమ్మదిగా లాగితే, ఇంతియాజ్ ఆ ధ్వనిని యంత్రాలలో నానబెట్టి, ఖాళీ గోడలకు కొట్టించి, తిరిగి వచ్చినదాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. వింటున్నవారి చెవుల్లో చీకటి మోకాలి లోతున మొదలై పైకి వస్తుంది. ఏడో నిమిషానికి, కూర్చుని వింటున్న మనిషి లోపలికి వెళ్ళిపోతాడు. కుర్చీ మిగులుతుంది, కుర్చీ కింద చెప్పులు మిగులుతాయి.

వెళ్ళినవారు తిరిగి రాకపోవడానికి ఒకటే కారణం: ఆ పాటకు ముగింపు లేదు. చివరికి పల్లవి దగ్గరికి వచ్చి చేతులు దులుపుకునే పాటలంటే వకుళకు చిన్నచూపు. శ్రోతను ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలని ఆమె ఒక పత్రికతో అన్నది. శ్రోతలు అలాగే ఉన్నారు.

అర్జీదారుల ఆందోళన తగ్గించడానికి సోమవారాలు కలెక్టరేటు హాలులో స్థానిక కళాకారుల సంగీతం వినిపించాలని ఆల్బమ్ వచ్చిన సంవత్సరమే ఉత్తర్వు వచ్చింది. వకుళ స్వయంగా దరఖాస్తు పెట్టి, ఆల్బమ్ ఇచ్చి వచ్చింది. మొదటి సోమవారమే ముప్పై ఒక్కమంది వెళ్ళిపోయారు. అర్జీదారులు హాజరులో లేరు కనుక ముప్పై ఒక్క అర్జీలూ పరిష్కారమైనట్టు రాశారు. మరుసటి వారం విచారణ జరగలేదు, అదనపు కుర్చీలు వచ్చాయి. చెప్పులకు టోకెన్లు కట్టారు. అర్జీల పరిష్కారంలో జిల్లా ప్రథమ స్థానానికి వచ్చింది.

మూడో సోమవారం వెళ్ళినవారిలో వకుళ తల్లి, విశ్రాంత ఉపాధ్యాయిని కామాక్షి ఉన్నది. కాలువ గట్టున ఉన్న ప్రాథమిక పాఠశాలకు ప్రహరీ కూలిపోయింది. అది కట్టించండని ఆమె తొమ్మిదేళ్ళుగా ప్రతి సోమవారం అర్జీ ఇస్తున్నది. ఆ తొమ్మిదేళ్ళలో ఇద్దరు పిల్లలు కాలువలో పడ్డారు. వారి పేర్లు, తరగతులు, తేదీలు ప్రతి అర్జీలోనూ మొదటి పేరాలోనే ఉంటాయి.

వకుళ కలెక్టరేటుకు పరుగెత్తింది. అర్జీల విభాగం చూసే గున్నేశ్వరరావు గారు ఆమెను ఆదరంగా కూర్చోబెట్టి, ఆమె పాట వల్ల జిల్లాకు జరిగిన మేలును వివరించారు.

"మా అమ్మ లోపల ఉందండి," అన్నది వకుళ.

"ఉన్నారండి. టోకెను తొంభై మూడు. చెప్పులు భద్రంగా ఉన్నాయి, మీరేం బెంగ పెట్టుకోకండి."

పాటకు ముగింపు కట్టి తెస్తానని, దాన్ని వినిపిస్తే అందరూ బయటికి వస్తారని ఆమె చెప్పింది. ఆయన పెన్ను మూత పెట్టారు.

"ఒకసారి ఆమోదించిన పాటని మార్చాలంటే అర్జీ పెట్టుకోవాలండి. సోమవారం రండి. హాల్లో కూర్చుంటే పిలుస్తాం."

వకుళ అర్జీ పెట్టలేదు. ఐసు ఫ్యాక్టరీలో పన్నెండు రోజులు కూర్చుని, తాను ఇంతకాలం ఈసడించిన పనినే చేసింది. ఏ చంటిబిడ్డకైనా ఇక పాట అయిపోయిందని తెలిసేంత సాదా ముగింపు కట్టింది. "ఇంత తేలికా? మొదటే పెట్టుంటే పోయేది కదా," అన్నాడు ఇంతియాజ్.

ఆ సోమవారం ఇంతియాజ్ హాలులోని యంత్రంలో పాత పాట తీసి కొత్తది పెట్టి, నేరుగా ముగింపు దగ్గరే మొదలుపెట్టాడు. ముగింపు వినిపించగానే ఎడమ స్పీకరు తలుపులా విడి, హాలులోని వెలుతురు చారగా లోపలి చీకట్లోకి పడింది. దారి తెరుచుకున్నది. లోపల దగ్గులు, కాగితాలతో విసురుకుంటున్న చప్పుడు వినబడ్డాయి. ఒక్కరూ బయటికి రాలేదు.

వకుళ మైకు అందుకున్నది. "అమ్మా, అయిపోయింది. రా."

"ఎందుకే తలుపు తీశావు? కళ్ళలో వెలుతురు పడుతోంది," అన్నది కామాక్షి గొంతు. కోపం లేదు. "ఇక్కడ కూర్చోడానికి చోటుంది. రేపు రమ్మనేవాళ్ళు లేరు. నువ్వూ వచ్చేయ్."

"బడి గోడ సంగతేంటమ్మా?"



"ఏ గోడే?"

వకుళ టోకెను తొంభై మూడు ఉన్న కుర్చీ దగ్గరికి వెళ్ళింది. తల్లి కుర్చీలో వదిలి వెళ్ళిన అర్జీ తీసి మైకులో చదవడం మొదలుపెట్టింది. మొదటి పిల్లవాడి పేరు చదివింది, తరగతి చదివింది. రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఎవరో మర్యాదగానే అడ్డు తగిలారు. "కొంచెం నెమ్మదిగా అమ్మా, పాట వినబడటం లేదు."

హాలులో ఉన్న అర్జీదారులు తెరిచిన దారిని చూశారు. ఇక ఏడు నిమిషాలు ఆగే పని లేదని గ్రహించి, చెప్పులు విప్పి, వరుస తప్పకుండా లోపలికి నడిచారు. దారి తెరిచి ఉంచినా ఎవరూ బయటికి రానందున నివాసం స్వచ్ఛందమని గున్నేశ్వరరావు గారు నమోదు చేశారు.

ఉద్యోగులు కాక హాలులో వకుళ, ఇంతియాజ్ మిగిలారు. తల్లి అర్జీ కింద వకుళ తన సంతకం చేసి గున్నేశ్వరరావు గారి ముందు పెట్టింది. ఆయన దాన్ని చదవకుండానే ఖాళీ కుర్చీ చూపించారు.

"నిలబడే ఉంటానండి," అన్నది ఆమె.

"నిలబడినవాళ్ళకి టోకెను లేదండి," అన్నారు ఆయన. అది నిజమే. నిబంధనలలో అలాంటివారి ప్రస్తావన లేదు. సాయంత్రం హాలు మూసేవరకు ఆమె నిలబడే ఉన్నది. ఆ రోజు పరిష్కారం కాని అర్జీ జిల్లా మొత్తం మీద అదొక్కటే.

కాలువ గట్టున బడి రోజూ తొమ్మిదింటికి తెరుస్తున్నారు. గోడ లేదు. మీరు చివరిసారిగా ఎవరిని, దేనికోసం నిలదీశారో, ఇది చదవడం ఆపి, పక్కవారికి వినబడేటట్టు చెప్పండి.