ఉగాది నుంచి బోర్లు బంద్

బెళుగుప్ప పక్కనున్న నల్లగుండ్లపల్లిలో, భూమిలోని నీళ్లను కాపాడే ఉద్యమానికి దొరికినంత మద్దతు ఆ చుట్టుపక్కల ఏ పార్టీకీ, ఏ దేవుడికీ దొరకలేదు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. అంతకు ముందు ఆ ఊరు ఒక్క మాట మీద నిలబడిన దాఖలా లేదు.

మొదలుపెట్టింది రైతు నరసింహులు కూతురు ప్రసూన. బడి పక్కనున్న పంచాయతీ బోరొక్కటే ఊరికి తాగునీళ్లిస్తుంది. మునుపు ఒక పాట పాడుకునేలోగా కొళాయి కింద బిందె నిండేది. ఇప్పుడు ఒక గొడవ మొదలై, ముదిరి, రాజీ అయ్యాక కూడా సగమే. చీనీ బత్తాయి తోటల్లో కొత్త బోర్లు దిగే కొద్దీ ఇది అడుగంటుతోంది. ఇది ఎండితే బిందెలెత్తుకుని ఊళ్లు తిరగాల్సింది తానేనని ప్రసూనకు తెలుసు. అందుకే ఇంటింటికీ తిరిగి, ఇక కొత్త బోరు వేయబోమని మాట తీసుకుంది. కాదన్న ఇల్లు లేదు.

పెద్ద రైతు విష్ణువర్ధన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఊరిలో అందరికన్నా ఎక్కువ బోర్లు వేసిన అనుభవం ఆయనది. "నీళ్లంటే అమ్మ! అమ్మ గుండెకు చిల్లులు పొడుస్తామా?" అని మైకు ముందు కంటతడి పెట్టాడు. ఆ ఏడాది ఊరిలో పడిన తడి అదొక్కటే.

"అయితే ఈ పొద్దు నుంచే బంద్ చేద్దామన్నా," అంది ప్రసూన.

"మూఢంలో మంచి పని ఎవురన్నా మొదలుపెడ్తారా పాపా? ఉగాది నుంచి పెట్టుకుందాం."

చప్పట్లు మోగాయి.

మరునాడు పొద్దున్నే బోరు బండి దిగింది. ఉగాదిలోగా ఒక బోరు వేసుకుంటే తర్వాత నిశ్చింతగా ఉద్యమం చేసుకోవచ్చునని ప్రతి ఇంటికీ విడివిడిగా తట్టింది. మూఢంలో బోరు వేయవచ్చునా అని ఒకరికి ధర్మసందేహం వచ్చింది. బోరు మంచి పని కాదని ఉద్యమమే తేల్చింది గనుక అడ్డు లేదని పురోహితుడు సెలవిచ్చాడు. అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్లు చూసేవాడికి చేయి వాచింది.

బండి యజమాని దివాకర్ ఉద్యమానికి షామియానా, మైకు ఉచితంగా ఇచ్చాడు. బండికే "నీటిని కాపాడుకుందాం" అని గుడ్డ కట్టించాడు. దాంతో ప్రచారం ప్రతి పొలానికీ చేరింది. లేచిన తెల్లదుమ్ములో అక్షరాలు కనిపించేవి కావు గానీ, భావం అందరికీ తెలుసు.

ప్రసూన అడ్డుపడితే టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. "మేమంతా నీ పక్కనే ఉండాం గదమ్మా. ఇదొక్కటి వేసుకోనీ." టీ కొట్టు రంజాన్ బీ మాత్రం మద్దతు ఉపసంహరించుకుంది. "నాకు పొలమే లేదు. ఉద్యమం చేస్తే నాకేమొస్తాదమ్మా?"

ఉగాది ముందురోజు ప్రసూన వాళ్ల పొలంలోనే దుమ్ము లేచింది. పరిగెత్తి చూస్తే బండి పక్కన నాయన నరసింహులు తల దించుకుని ఉన్నాడు.

"అందురూ వేసినారు. మనం వేయకుంటే, కూతురి ఉద్యమంతో మునిగినాడని జనం నన్ను చూసి నగరా?"

ప్రసూన తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో "నీళ్లు పడినాయి!" అని కేక. ఆమెకు నవ్వు ముందొచ్చింది, సిగ్గు తర్వాతొచ్చింది. తెల్లవారేసరికి విష్ణువర్ధన్ కొత్త బోరు ఆ నీళ్లను తాగేసింది గనుక, రెండూ ఎక్కువసేపు నిలవలేదు.

ఉగాదినాడు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పచ్చడి కలపడానికి కొళాయి తిప్పితే గాలి వచ్చింది. ఆ రోజు నుంచి ఊరిలో ఒక్కరూ బోరు వేయలేదు.

దివాకర్ చేతులు జోడించి ప్రసూన ఇంటికి వచ్చాడు. "గుమ్మఘట్ట పక్క ఒక ఊర్లో ఉద్యమం పెట్టల్లంటాండారు పాపా. నువ్వొచ్చి మాట్లాడితే జనం కదుల్తారు. నా బండిలోనే పోదాం."

ప్రసూన ఒక్కటే అడిగింది.

"ఆడ తాగే నీళ్లు ఉండాయా?"

"ఇప్పటికైతే ఉండాయి."

ప్రసూన రెండు ఖాళీ బిందెలు తీసుకుని బండెక్కింది.