అద్దం అవతల అనసూర్య

ఆ సోమవారం బాలకిషన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డోర్నకల్ రైల్వే ఆఫీసులో గుమస్తాగా పనిచేసే భార్య అనసూర్య పొద్దుటి ప్యాసింజర్‌కు వరంగల్ వస్తుంది. అతను ఆపరేటరుగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో, కంప్యూటర్ గది అద్దం అవతల కూర్చుంటుంది. రెండు నెలలుగా చుక్క చుక్క పేర్చి గీసిన ఆమె ముఖాన్ని తెరమీద చూపించాలి. పన్నెండింటి బండికి ఆమె వెళ్లిపోతుంది. పెళ్లయిన ఎనిమిది నెలల్లో వాళ్లు కలిసి ఉన్న రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆమె లేని రోజుల్లో ఆ బొమ్మే అతనికి దిక్కు.

తీరా చూస్తే తెర నల్లగా ఉంది. పక్క టెర్మినల్‌లో మాత్రం ఆ బొమ్మ చూపించే ప్రోగ్రాం నడుస్తున్నట్టే ఉంది. బాలకిషన్ అనుమానం చ్‌రూట్ అనే కట్టడి మీదికి పోయింది. పిల్లలు యంత్రాన్ని పాడుచేయకుండా హెడ్డు నర్సయ్య సారు ప్రోగ్రాములన్నిటినీ బంధించిన గది లాంటిదది. లోపలున్న ప్రోగ్రాముకు బయటేముందో తెలియదు. తెరకు పోయే దారి మూసుకుపోయిందనుకుని, కావలసిన ఫైళ్లు లోపలికి మోసి, మళ్లీ నడిపాడు. మళ్లీ నలుపే.

అనసూర్య తలుపు సందులోంచి, "ఇంకెంతసేపు?" అంది.

"జర ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలు మూడుసార్లయినయి."

నర్సయ్య సారు వచ్చి తెర చూసి బెంగపడ్డారు. "బయటోళ్లెవరన్న లోపలికొచ్చిండ్రా?" అంటూ తలుపు గడియ పెట్టించారు. అనసూర్య అద్దం మీద వేలితో తట్టింది. బాలకిషన్ వెనక్కి తిరగకుండానే ఐదు వేళ్లు చూపించి, ముప్పై ఒకటోసారి ప్రోగ్రాం నడిపాడు.

అప్పుడు అటెండరు పోశయ్య గడియ తీయించుకుని టిఫిన్ డబ్బాతో లోపలికొచ్చాడు. "దసరా పూజకు తుడుస్తాంటే ఇది తిరిగినట్టున్నది సారూ," అంటూ తెర కింద బ్రైట్‌నెస్ మీట తిప్పాడు. ఒకదాని వెనక ఒకటి, ముప్పై ఒక్క అనసూర్యలు తెరంతా నవ్వారు.

బాలకిషన్ సంబరంగా అద్దం వైపు తిరిగాడు. ఆమె కూర్చున్న బల్ల ఖాళీ.

"బండికి టైమైందని పోయింది. నీకు సర్వపిండి ఇయ్యమన్నది," అన్నాడు పోశయ్య. "ఒక్కసారన్న ఇటు మర్లి చూస్తడేమోనని మస్తుసేపు చూసింది, పాపం."

నర్సయ్య సారు కళ్లజోడు సవరించుకున్నారు. "ముప్పై మందిని తీసెయ్, బాలకిషన్."

తీసేశాడు. మిగిలిన ఒక్క అనసూర్యకు ఏ రైలూ అందుకునే పని లేదు. సాయంత్రం దాకా కదలకుండా అతన్నే చూస్తూ కూర్చుంది.