ఏడో నంబరు రూమ్ అనుమతితో సైన్యంలోకి

సైన్యంలో చేరడానికి దేహదారుఢ్యం, చదువు, దేశభక్తి కావాలని లోకం పొరబడుతోంది. గంగన్న కూతురు నవీనకు మాత్రం వాటికంటే ముందు, గల్ఫ్‌లో తండ్రి ఉండే బౌషర్‌లోని ఏడో నంబరు రూమ్ అనుమతి కావలసి వచ్చింది.

గంగన్న గోడలకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ. ఆ రూమ్‌లో ఎవరి ఇంటి విషయమూ ఎవరూ ఒంటరిగా తేల్చరు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తింటూ కింద పరిచిన పేపరు మీద, కంచాల మధ్య ఫోన్ స్పీకర్‌లో పెడతారు. ఆ రోజు వంట వంతు ఎవరిదో వాళ్లు ముందు మాట్లాడతారు. డ్యూటీలో ఉన్నవాళ్లు వాయిస్ మెసేజ్ పంపుతారు. నిద్రపోతున్నవాళ్లు ఒప్పుకున్నట్టు లెక్క. (లచ్చన్న ఈ పద్ధతిలో ఇప్పటికి మూడు పెళ్లిళ్లకు సమ్మతించాడు.)

ఈ శుక్రవారం విషయం పెద్దది. జగిత్యాల దగ్గరి ఊళ్లో ఇంటర్ పూర్తిచేసిన నవీన, కాలువగట్టు మీద ఏడాదిగా పరుగెత్తి ప్రాక్టీసు చేసి, ఫౌజులోకి పోతానంటోంది. పద్దెనిమిది నిండలేదు గనుక తండ్రి అంగీకార పత్రం జతచేయాలి. ఆఖరు తేదీ ఆ రోజే, సాయంత్రం అయిదు. ఒక్కగానొక్క కూతురిని తుపాకుల మధ్యకు పంపడమా అని గంగన్నకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

వంట వంతు జితేందర్‌ది. ఫోన్‌లో ఉన్న నవీనకు వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, ఆడ పొద్దుగాల నాలుగు గొట్టంగనే లేపుతరు. ఎండల నిలబెడ్తరు. ఎందుకని అడగొద్దు."

(జితేందర్‌ను కంపెనీ బస్సు మూడున్నరకే ఎక్కించుకుంటుంది.)

తర్వాత నిసార్ అహ్మద్. హైదరాబాద్ మనిషి, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. "ఛుట్టీ కా క్యా, బేటీ? పెద్దసాబు దస్తఖత్ పెట్టేదాంక ఇంటికి పోనియ్యరు. కాగజ్‌లన్నీ వాళ్ల దగ్గర్నే పెట్టుకుంటరు."

ఈయన సెలవు దరఖాస్తు రంజాన్ నుంచి కంపెనీ ఆఫీసులో పెద్దసాబు కోసం ఎదురుచూస్తోంది. అనుభవం లేకుండా సలహా ఇవ్వకూడదన్నది రూమ్ నియమం కాబట్టి, ఆయన అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు.

ఇబ్రా అనే ఊళ్లో సైట్ పనికి వెళ్లిన లచ్చన్న మెసేజ్ కూడా వినిపించారు. ఒకే గదిలో పదిమంది, ఒకరి మీద ఒకరికి ఇనుప మంచాలు, పెట్టింది తినాలి, అమ్మానాన్న మొహం ఫోన్‌లో చూసుకోవాలి, అలాంటి బతుకు పగవాడికి కూడా వద్దు అని దాని సారాంశం. వింటున్న ఎనిమిదిమంది తమ తమ ఇనుప మంచాలకు ఆనుకుని గంభీరంగా తలలూపారు.

నవీన అంతా ఓపికగా విన్నది. "కాకా, ఆడ ఏడాదికోసారి లీవు ఇస్తరు."

దీన్ని రూమ్ పుకారుగా పరిగణించి పక్కన పెట్టింది.

"ఇంకోటి గూడ," అన్నాడు జితేందర్, చివరి అస్త్రంగా. "నాలుగేండ్లకే ఇంటికి పంపిస్తరంట. గదేం నౌకరి?"

నిసార్ అహ్మద్ ముద్ద ఆపాడు. "నాలుగేండ్లకు పక్కా పంపుతరా, బేటీ?"

"ఎక్కువమందిని పంపుతరు, చిచ్చా."

"టికెట్ ఎవరిది?"

"వాళ్లదే."

అందరూ పెరుగన్నం కలుపుకున్నారు. తర్వాత అనుమతి ఏకగ్రీవంగా మంజూరైంది. ఒక సభ్యుడు మాత్రం నలభై నాలుగేళ్లవాళ్లను తీసుకుంటారేమో కనుక్కొమ్మన్నాడు.

గంగన్నకు కూతురి ధైర్యం చూస్తే గర్వంగానే ఉంది, భయమూ పోలేదు. చేతులు కడుక్కుని, కింద షాపులో ప్రింటు తీయించిన పత్రం ముందేసుకున్నాడు. తండ్రే స్వదస్తూరీతో నింపాలని దాని షరతు. పేరు, పుట్టిన తేదీ, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. ఎత్తు దగ్గర కూడా ఆగలేదు, నూట నలభై తొమ్మిది సెంటీమీటర్లు అని రాసి ఫొటో పంపాడు.

నిమిషంలో ఫోన్ మోగింది. "బాపూ, ఎత్తు తప్పు రాసినవ్. నూట అరవై రెండు లేకుంటే తీసుకోరు."

"తప్పెట్లయితది బిడ్డా? టేపు పెట్టి నేనే కొలిచిన. మన తలుపు కాడ నిలబెట్టి."

అది నిజమే. పదిహేనేళ్లుగా గోడలు కొలుస్తున్న మనిషి, కొలతలో ఏనాడూ మాట పడలేదు.

"ఎప్పుడు కొలిచినవ్, బాపూ?"

గంగన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. కొలిచింది పోయిన సెలవులో, నాలుగేళ్ల కింద. అప్పుడు తొమ్మిదో తరగతి.

"నేనిప్పుడు అమ్మకంటే ఎత్తున్న బాపూ. నూట అరవై నాలుగు."

నిసార్ అహ్మద్ వీడియో పెట్టమన్నాడు. నవీన ఫోన్‌ను కిటికీలో ఆనించి, వెనక్కి నడిచి, నిటారుగా నిలబడింది. ఎనిమిదిమందీ తలలు దగ్గరపెట్టి చూశారు. అరచేతిలో ఫోన్, అందులో జానెడు పిల్ల. ఎంత దగ్గరగా పెట్టుకు చూసినా ఎత్తు తెలియలేదు.

ఊళ్లో సమయం నాలుగూ నలభై. గంగన్న పాత అంకె కొట్టేసి, పక్కన నూట అరవై నాలుగు అని రాశాడు. దాని కింద 'పై వివరాలన్నీ నేను స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను' అని అచ్చువేసి ఉంది. అక్కడ సంతకం పెట్టాడు.