బరువు అనగా నేమి?

గుమస్తమ్మ ఇకమీదట ఎలాంటి బరువులూ ఎత్తరాదని ఆదివారం ఉదయం పది గంటలకు ఆమె ఇంటి హాలులో ఏకగ్రీవంగా తీర్మానించారు. చర్చ మొదలయ్యే సమయానికి ఆమె సభలో లేదు. ఓటు వేయవలసిన అత్తగారిని మంచం మీద నుంచి లేపి, చక్రాల కుర్చీలోకి ఎత్తి, గడప దాటించే పనిలో ఉంది.

ఆమె ఒక పెద్ద ఆఫీసు రికార్డు గదిలో ముప్పై ఏళ్ళుగా గుమస్తా. అందుకే వీధంతా గుమస్తమ్మ అంటుంది. సాక్ష్యాధారాలు బల్ల మీద ఉన్నాయి: ఊదారంగు డంబెల్స్ ఒక జత, ఒక్కొక్కటి రెండు కిలోలు. కొడుకు చెప్పుల కోసం వెతుకుతుంటే మంచం కింద దొరికాయి.

పూర్వాపరాలు చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో "ఆరు వారాలపాటు బరువులు ఎత్తరాదు" అని ఉంది. భర్త రిటైరైన హెడ్‌మాస్టరు. కాగితమంటే ఆయనకు ప్రాణం. వెంటనే చిల్లులు పొడిచి ఫైలులో కట్టారు. ఒక చిల్లు సరిగ్గా "ఆరు" మీద పడింది. ఎన్ని వారాలో చెప్పే అంకె ఎగిరిపోయి ఉత్త "వారాలపాటు" మిగిలింది. ఇంటివారి లెక్కలో ఇప్పుడు నూట నాలుగో వారం నడుస్తోంది.

ఈలోగా డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. "ముట్లు ఆగిపోయిన వయసు, దానికి తోడు జబ్బు తిరగబెట్టకుండా వేసుకునే ఈ మాత్ర. ఎముకలు గుల్లబారుతున్నాయమ్మా. వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం చేయాలి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ." ఆస్పత్రిలోనే అందుకో గది ఉంది. ఇంట్లో చెకప్ అని చెప్పి గుమస్తమ్మ రెండు నెలలుగా వెళ్తోంది. మధ్యలో ఇంటి దగ్గర చేసుకోవడానికి ఆ డంబెల్స్ కొని మంచం కింద దాచింది. భుజం దాటి లేవని ఎడమ చెయ్యి ఒకరోజు రికార్డు గది పై అర దాకా వెళ్ళింది. ఆమె దుమ్ము పట్టిన ఫైళ్ళ మధ్య నిలబడి కాసేపు ఏడ్చింది. క్యాన్సర్‌ను దాటొచ్చి, బాత్‌రూమ్‌లో జారి, తుంటి విరిగి మంచాన పడతానేమోనని ఆమెకు నిజంగా భయం. ఆ గదికి వెళ్ళిన రోజున ఆ భయం కాస్త తగ్గేది.

హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నారు. "స్త్రీ సహజంగానే సుకుమారి. అందులో ఈమె రోగి. రోగి చేత ఇనుము మోయించిన కుటుంబమని రేపు నలుగురూ మనల్ని వేలెత్తి చూపకూడదు."

"ఆడదానికి కండలెందుకమ్మా," అన్నారు అత్తగారు. "ముందు నన్ను కాస్త పైకి జరుపు, జారిపోతున్నాను."

గుమస్తమ్మ జరిపింది. "మరి కింద నుంచి నీళ్ళ డబ్బా నేనేగా తెస్తున్నాను," అంది.

"అది బరువు కాదమ్మా, పని," అన్నాడు కొడుకు. అతను రోజూ జిమ్‌కు వెళ్ళి వంద కిలోలు ఎత్తుతాడు. ఆ అలసట వల్ల ఇంట్లో ఏమీ ఎత్తలేడు. ఈ త్యాగాన్ని ఇంటిల్లిపాదీ గౌరవిస్తారు.

ఆ విధంగా శాస్త్రజ్ఞులకు కూడా తట్టని నిర్వచనం తేలింది. ఆమె తన కోసం ఎత్తేది బరువు. ఇంకొకరి కోసం ఎత్తేది పని.

గుమస్తమ్మకు ఒళ్ళు మండింది. కానీ నౌకరీలో ఆమె ఒకటి నేర్చుకుంది: ఉత్తర్వును ఎదిరించినవాళ్ళకు బదిలీ తప్పదు, తు.చ. తప్పకుండా అమలు చేసినవాళ్ళ జోలికి ఎవరూ రారు. "అలాగేనండీ. కాస్త రాసి ఇవ్వండి," అంది. ఆయన మురిసిపోయి, "రెండు కిలోలు గానీ అంతకు మించి గానీ ఏ వస్తువునూ, ఎక్కడా, ఎత్తరాదు" అని రాశారు. ముగ్గురూ సంతకాలు చేశారు.

సోమవారం ఆమె తూనిక యంత్రం కొనుక్కొచ్చి ఇంటిని తూచడం మొదలుపెట్టింది. తూచి చీటీలు అంటించింది. నీళ్ళ డబ్బా ఇరవై. తడి దుప్పట్ల బకెట్ పదకొండు. బియ్యంతో నిండిన కుక్కర్ నాలుగు. అత్తగారిని ఆస్పత్రి కార్డును బట్టి యాభై ఎనిమిదిగా నమోదు చేసింది. ఉప్పు డబ్బా ఒక్కటే కిలోన్నర తూగి ఆమె అధికార పరిధిలో మిగిలింది.

మంగళవారానికల్లా ఇంటివారు దాహం వేసినప్పుడల్లా రెండంతస్తులు దిగి డబ్బా దగ్గరే నీళ్ళు తాగి వస్తున్నారు. బుధవారం తండ్రీకొడుకులు అత్తగారిని లేపబోయి, తల వైపు ఎవరు, కాళ్ళ వైపు ఎవరు అన్న విషయంలో భేదాభిప్రాయాలు వచ్చి, మళ్ళీ పడుకోబెట్టారు. "మీ మొహం. నడుం కాదురా వంచాల్సింది, మోకాళ్ళు," అన్నారు అత్తగారు. "దాన్ని చూసైనా నేర్చుకోలేదా ఇన్నాళ్ళూ?"

గురువారం అత్యవసర సమావేశం జరిగింది. "ఇల్లాలి బలమే ఇంటి బలం," అని హెడ్‌మాస్టరు సెలవిచ్చారు. "ఆమె వ్యాయామాన్ని మొదటి నుంచీ ప్రోత్సహించింది మనమే." ఆ ఊపులో ఇంకో కాగితం రాశారు: ఆస్పత్రి వ్యాయామ గదిలో ఆమె ఎంత బరువైనా ఎత్తవచ్చు.

గుమస్తమ్మ రెండుసార్లు చదివి, ఫైలులో కట్టింది.

"ఇక ఆ డబ్బా తెచ్చిపెట్టు," అన్నారాయన.

"పాత ఉత్తర్వు రద్దయినట్టు ఇందులో లేదండీ. ఇది ఆస్పత్రి వరకే. ఇంట్లో పాతదే అమలు," అంది ఆమె, మెట్ల వైపు నడుస్తూ.

ఇప్పుడామె ఆ గదిలో ఎనిమిది కిలోలు ఎత్తుతోంది. ఇంట్లో డబ్బాను తండ్రీకొడుకులు మెట్టుమెట్టుకీ ఆగి మోస్తున్నారు. వీధివారు కిటికీల్లోంచి చూసి కరిగిపోతున్నారు. "పాపం పెద్దాయన, ఈ వయసులో ఎంత బరువు మోయిస్తోందో ఆవిడ," అని ఇంటింటా అనుకుంటున్నారు. రెండేళ్ళపాటు అదే డబ్బాను, అవే మెట్ల మీదుగా, ఒక చెయ్యి సరిగ్గా లేవని మనిషి మోసింది. అప్పుడూ కిటికీలు తెరిచే ఉన్నాయి. అయితే అప్పుడు చూడటానికి అక్కడేమీ లేదని అందరూ చెబుతున్నారు. మీరూ అదే చెబుతారని మాకు తెలుసు.