ఏడ్చేవాళ్లు లేని బస్సు

ఆ రోజు పొద్దున రాజలింగం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదికి యూనియన్ ఆఫీసు నుంచి బయలుదేరాలి. తొమ్మిదికి కోరుట్ల డిపో గేటు ముందు బ్యానరు పట్టుకుని నిలబడాలి. తనిఖీకి వస్తున్న పెద్ద అధికారికి సంతకాల కట్ట ఇవ్వాలి. మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాలి.

రాగులపల్లెకు తిరిగే ఒకే ఒక్క బస్సును వచ్చే నెల నుంచి ఆపేస్తారట. పోయిన తనిఖీలో ఆ అధికారి, "ఎక్కేవాళ్లే లేరు. ఈ బస్సు పోతే ఏడ్చేవాడు ఒక్కడూ ఉండడయ్యా" అన్నాడు. రాజలింగం ఆ బస్సులో పదకొండేళ్లుగా కండక్టరు. జగిత్యాల ఆసుపత్రికి కాన్పుకు పోయేవాళ్లు, పరీక్షలు రాయడానికి పోయే పిల్లలు, కూరగాయల గంపతో అంగడికి వచ్చే లసుమవ్వ, అందరూ అతనికి తెలుసు. లసుమవ్వ ఆ బస్సు డ్రైవరు సాయిలుకు పెద్దమ్మ. తల్లి పోయాక అతన్ని ఆమే పెంచింది. "బస్సు వోతె నా గంప నువ్వు మోస్తవారా, రాజలింగం?" అని నెల రోజులుగా అడుగుతోంది. అతను టికెట్టు చింపి ఇచ్చేవాడు.

ఊరేగింపు అంటే పోలీసులు, ఎర్రగుడ్డ అంటే ఊరంతా ఉలిక్కిపడే రోజులవి. ఎస్సై అనుమతి ఇచ్చాడు గానీ షరతులు పెట్టాడు. ఎర్రరంగు వద్దు. నినాదాలు వద్దు. ఐదుగురికి మించొద్దు. రాజలింగం అసలే జాగ్రత్తపరుడు. ఎర్రరంగు వద్దన్నారని సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే బామ్మర్ది దగ్గర తెల్లగుడ్డ తెప్పించాడు. నినాదాలు వద్దన్నారని అసలు మాటలే వద్దని తీర్మానం చేశాడు.

"గేటు కాడికి పోయేదాక ఎవ్వలు నోరిప్పొద్దు. దగ్గినా నినాదమే అంటరు" అని సాయిలుతో సహా మిగతా నలుగురికీ చెప్పాడు. యూనిఫాంలో నిరసన నిబంధనలకు విరుద్ధం కనుక తాను పంచె కట్టుకున్నాడు. రెండు రోజుల కిందటే వేములవాడలో మొక్కు చెల్లించి వచ్చాడు కనుక తల నున్నగా ఉంది.

రాత్రి ముసురు పట్టడంతో బ్యానరు మీది నీలిరంగు అక్షరాలు ఆరలేదు. చుడితే అంటుకుపోతాయి. అందుకని గుడ్డను రెండు వెదురుబొంగులకు కట్టి, పరిచినట్టుగానే నలుగురూ నాలుగు కొసలు భుజాన వేసుకున్నారు. చినుకులు పడకుండా అక్షరాలను కిందివైపుకు తిప్పారు. గాలికి గుడ్డ ఎగరకుండా సంతకాల కట్టను, అట్టలను ఒక చాపలో పొడుగ్గా చుట్టి మధ్యలో పెట్టారు. గోడలకు కరపత్రాలు అంటించడానికి రాజలింగం భార్య సరోజన మైదాపిండితో లై వండింది గానీ గిన్నె ఇవ్వలేదు. పోయిన సమ్మెకు ఇచ్చిన స్టీలు గిన్నె ఇంకా తిరిగి రాలేదు. "మీ యూనియనుకు మన్నుకుండనే ఎక్కువ" అంది.

అలా, గుండుతో, పంచెతో, పొగలు కక్కే మట్టికుండ పట్టుకుని రాజలింగం ముందు నడిచాడు. వెనక నలుగురు వెదురుబొంగులు మోస్తూ మౌనంగా నడిచారు.

మొదటి కిరాణా కొట్టు షట్టరు సగం దిగింది. వ్యాపారుల మద్దతు ఇంత తొందరగా వస్తుందని రాజలింగం అనుకోలేదు. హోటలు ముందు చాయ్ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ప్రజాచైతన్యం అనుకున్నాడు. బంతిపూలు పడినప్పుడు అతని కళ్లు చెమర్చాయి. తలమీద పేలాలు పడినప్పుడు మాత్రం కొంచెం సందేహం వచ్చింది. ఎక్కణ్నుంచో డప్పులు వచ్చి ముందు చేరాక ఆ సందేహం తీరిపోయింది, జనం దీన్ని శవయాత్ర అనుకుంటున్నారు. కానీ నోరు తెరవొద్దన్నది తన తీర్మానమే.

ఎవరు పోయారని దారిలో ఒకాయన సాయిలును అడిగాడు. సాయిలు పళ్ల బిగువున "బస్సు" అని మాత్రం గొణిగాడు. ఆ ఒక్క మాట ఊరేగింపు కంటే ముందు పరుగెత్తింది. మొదటి సందులో ఎవరో బస్సు కింద పడ్డారు. రెండో సందులో బస్సే వాగులో పడింది. అంగడికి చేరేసరికి రాగులపల్లె బస్సు డ్రైవరు పోయాడు.

చినుకులకు తువ్వాలు ముసుగేసుకుని వెనక కొస మోస్తున్న సాయిలుకు ఈ సంగతి తెలియదు.

డిపో దగ్గరికి వచ్చేసరికి వెనక మూడు వందల మంది ఉన్నారు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై టోపీ తీసి పక్కకు జరిగాడు. ఎదురుగా వచ్చిన జీపు ఆగింది. పెద్ద అధికారి దిగి, బూట్లు విప్పి, పుణ్యమని ముందు కొస తన భుజానికి ఎత్తుకున్నాడు.

శ్మశానం దారి కూడా అదే. దింపుడు కల్లం సరిగ్గా డిపో గేటు పక్కనే. పోయినవాళ్లను అక్కడ దించి, ఏమో, లేస్తారేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పెద్దమనుషులు దించమన్నారు.

"దించొద్దు, రంగు ఆరలే" అని రాజలింగం మొదటిసారి నోరు తెరిచాడు. దుఃఖంలో మతి పోయిందని అందరూ జాలిపడి, దాన్ని కిందికి దించేశారు.

ఇంతలో అంగట్లోంచి లసుమవ్వ ఏడ్చుకుంటూ వచ్చింది. తలెత్తి చూడకుండా చాపమీద పడి, "ఓ సాయిలూ" అని పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి ఆమె గొంతు పగిలింది. వెనక నుంచి సాయిలు ఇక ఉండలేకపోయాడు.

"ఆఁ, పెద్దవ్వా."

డప్పులు ఆగిపోయాయి. గుంపు పది అడుగులు వెనక్కి పోయింది. ఎస్సై అందరికంటే ఎక్కువే పోయాడు. లసుమవ్వ ఒక్కతే ముందుకు పోయి, తువ్వాలు లాగి చూసి, చెంపమీద ఒకటి ఇచ్చింది.

"బతికుంటె బతికున్ననని ముందుగాల జెప్పొద్దారా?"

"రాజలింగమన్న మాట్లాడొద్దన్నడు."

అప్పుడు బ్యానరు తిప్పి నిలబెట్టారు. 'రాగులపల్లె బస్సును ఆపొద్దు' అని ఎవరో చదివారు. లసుమవ్వ కళ్లు తుడుచుకోబోయి ఆగింది.

"అయితె వోయేది బస్సా?" అని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గంప కూడా గుర్తొచ్చిందేమో, ముందుకంటే గట్టిగా ఏడ్చింది. దుకాణాలు మూసి ఇంతదూరం వచ్చినవాళ్లు ఊరికే వెనక్కి పోవడం ఇష్టంలేక ఆమెతో గొంతు కలిపారు.

"సార్, ఏడ్చేటోళ్లు లేరన్నరు గద. జర సూడుండ్రి" అన్నాడు రాజలింగం మెల్లగా.

అధికారి తన భుజం చూసుకున్నాడు. తెల్లచొక్కా మీద నీలిరంగు అంటింది. బూట్లు జీపు దగ్గరే ఉన్నాయి. తాను తీసేయబోయిన బస్సును తానే భుజాన మోసుకొచ్చినవాడు ఎక్కువసేపు వాదించలేడు. జీపు బానెట్టు మీదనే కాగితం పెట్టి, ప్రజల కోరికపై బస్సును కొనసాగించమని రాసి సంతకం చేశాడు.

సాయంత్రం ఎస్సైకి రిపోర్టు రాయక తప్పలేదు. అనుమతి ఇచ్చింది ఐదుగురికి, వచ్చింది మూడు వందలు. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాడు: "అంతిమయాత్ర ప్రశాంతంగా ముగిసినది. మృతుడు మధ్యాహ్నం రెండున్నర ట్రిప్పుకు డ్యూటీ ఎక్కినాడు."