ప్రసన్న వదనంతో జెండా కాల్చు విధానం

జెండాను కాల్చడం నేరం. చిరిగిన జెండాను కాల్చకుండా ఉంచడమూ నేరం. ఈ రెండు నేరాల మధ్య నుంచి పౌరులు సురక్షితంగా నడిచి వెళ్లడానికి ప్రభుత్వం ఒక దారి వేసింది. ఆ దారి మనిషి ముఖం మీదుగా పోతుంది.

కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఏ కార్యాలయం మీద ఎగిరే జెండా అయినా ఎండకు వెలిసి, గాలికి అంచులు పీలికలైపోతే దాన్ని చెత్తలో వెయ్యకూడదు, నేలకు తాకించకూడదు, మసిగుడ్డ చెయ్యకూడదు. గౌరవంగా నిప్పుకు అప్పగించాలి. ఇది పాత నియమం. ఎవరూ నిరసనతో జెండాను నిప్పుకు అప్పగించకూడదు. ఇది కొత్త చట్టం. గుడ్డ అదే, అగ్గిపుల్ల అదే, మిగిలే బూడిదా అదే. మరి తేడా ఎక్కడుందని చట్టసభలో తెగ వాదించుకుని, చివరికి తేడా కాల్చేవారి ముఖంలో ఉందని తేల్చారు. (భోజనాల వేళకు తేలడంతో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.) వెంటనే ముఖభావ పరిశీలన శాఖ ఏర్పడింది.

ఈ శాఖ వల్ల దేశం మొత్తం మీద ముందుగా చిక్కుల్లో పడ్డ మనిషి, ప్రభుత్వ గోదాములో పాత జెండాలు కాల్చే ఉద్యోగిని. గోదాములో ఆమెను అందరూ మిరియాలక్క అంటారు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనదు. కానీ ఆ ముఖం అలాంటిది. ఎవరికైనా కోపం వస్తే ముఖం ముడుచుకుంటుంది, ఆమెకు శ్రద్ధ కలిగితే ముడుచుకుంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కనుబొమలు రెండూ ఒకటైపోతాయి. నిద్రపోతున్న పిల్లకు దుప్పటి కప్పేటప్పుడు కూడా ఎవరినో దులిపెయ్యబోతున్నట్టే ఉంటుంది. వాళ్ల పెళ్లి ఫొటో చూసినవాళ్లు ఇప్పటికీ ఆమె మొగుడిని జాలిగా పలకరిస్తారు.

జెండాల దగ్గర ఆమెకు శ్రద్ధ మరీ ఎక్కువ. ఒక్కొక్కటే దుమ్ము దులిపి, వేలాడే పోగులు కత్తిరించి, పిల్లల బట్టలు మడిచినట్టు మడుస్తుంది. "చాల్లే, చాలా ఎగిరావు. ఇంక పడుకో" అని గొణుగుతూ గోదాము వెనకున్న ఇటుకల పొయ్యి మీద రెండు చేతులతో పట్టుకుని నిప్పు అంటుకునేదాకా ఉంటుంది. పట్టకారు వాడకూడదు, అది అగౌరవం. చేతికి తొడుగు వేసుకోకూడదు, జెండాను ముట్టుకోవడం ఇష్టం లేదని అర్థం. ఇన్నేళ్లూ ఆమె ఆ పని చేస్తుంటే ముఖం చూసినవాళ్లు లేరు. పొయ్యి అటు తిరిగి ఉంటుంది.

కొత్త చట్టం వచ్చాక పొయ్యిని ఇటు తిప్పి కట్టారు. ఎదురుగా కుర్చీ వేశారు. కుర్చీలో ముఖభావ పరిశీలనాధికారి కూర్చున్నాడు.

మొదటి జెండా అంటుకోగానే ఆయన చెయ్యెత్తాడు.

"అమ్మా, ఎవరి మీద కోపం?"

"ఎవరి మీదా లేదు సార్. పొగ."

"కోపం పొగ మీదా? పొగ ప్రభుత్వానిదే కదా?"

"పొగ మీద కూడా లేదు సార్. నా మొహమే అంత."

"పట్టుబడ్డవాళ్లంతా ఇలాగే అంటారు" అన్నాడు అధికారి. (అంతవరకు ఎవరూ అనలేదు. ఆయన పట్టుకున్న మొదటి ముఖం ఇదే.) ఆ రోజు నివేదికలో "నుదుటి మీద తీవ్ర నిరసన" అని రాశాడు. మరుసటి పరీక్షలో ఆమె భయంతో మరింత శ్రద్ధగా కాల్చింది కాబట్టి "నిరసన కనుబొమలకు, అక్కణ్ణించి పెదవులకు పాకినది" అని రాశాడు. మూడోసారి కూడా తప్పితే ఉద్యోగం పోతుంది, ఆ పైన కేసు. మొగుడికి ఉన్నది ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. ఫ్యాన్లు ఎండాకాలం తప్ప చెడిపోవు. ఇల్లు నడిచేది ఆమె ఉద్యోగం మీదే.

ఈలోగా ప్రభుత్వం చట్టాన్ని మరింత లోతుగా అమలు చేసింది. కాల్చడమే నిషేధించిన దేశంలో కాలిన గాయాల వార్డు ఎందుకని పై నుంచి ఒక ప్రశ్న వచ్చింది. కింద ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో పెద్దాసుపత్రిలో ఆ వార్డుకు తాళం వేశారు. అందులో నర్సుగా ఉన్న మిరియాలక్క ఆడపడుచు ఆసుపత్రి గేటు ముందు బైఠాయించింది. పట్టించుకునేవాళ్లు లేక, ఒక మధ్యాహ్నం విలేకరులను పిలిచి, అందరూ చూస్తుండగా జెండాను కాల్చేసింది. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

సాయంత్రానికల్లా ఆమె ఏడుస్తూ అన్నగారింటికి వచ్చింది.

"వదినా, నన్ను వదిలేశారు!"

"వదిలేస్తే ఏడుస్తావేంటే?"

"ఫొటోలో నవ్వుతున్నానట! నవ్వు కాదండీ బాబూ, నా పళ్లే అలా బయటికి ఉంటాయని మొత్తుకున్నా. వార్డు మూశారన్న కోపంతోనే కాల్చానని రాసిచ్చా. మీ మాట సాక్ష్యం కాదమ్మా, ముఖమే సాక్ష్యం అన్నారు. ప్రశంసాపత్రం చేతిలో పెట్టి, శాలువా కప్పి పంపించారు."

"శాలువా బాగుందే. ఊలుదా?" అన్నాడు అన్న.

"నువ్వు ఊరుకో అన్నయ్యా, ఒళ్లు మండిపోతోంది నాకు."

"ఆ మాట బయట అనకు. మండడం కూడా నిషేధమేమో."

మిరియాలక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, తన గొడవ చెప్పుకుంది. ఆడపడుచు కళ్లు తుడుచుకుని వదినగారి ముఖాన్ని గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. వార్డులో గాయాన్ని చూసినట్టే చూసింది.

"నేను నేర్పుతా. ఒళ్లు కాలినవాళ్లకు కట్టు మారుస్తాం చూడు, అప్పుడు వాళ్లు మన చెయ్యి చూడరు వదినా, మన మొహం చూస్తారు. మనం చిట్లించామా, వాళ్ల ప్రాణం అక్కడే పోతుంది. అందుకని ముందు మాకు మొహం పట్టుకోవడం నేర్పిస్తారు. నాలుక అంగిట్లో ఆనించు. బుగ్గలు వదిలెయ్యి. కనుబొమలు నీవి కావనుకో, పక్కింటివాళ్లవి అనుకో. లోపల ఏడ్చుకుంటావో, తిట్టుకుంటావో, నీ ఇష్టం. బయటికి రానివ్వకు."

మిరియాలక్క అద్దం ముందు కూర్చుంది.

"ఎలా ఉందండీ?"

"తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంది" అన్నాడు మొగుడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు వచ్చేసినట్టుంది."

కూర వండుతూ, బట్టలు ఆరేస్తూ, బస్సులో నిలబడి ఆమె సాధన చేసింది. కొన్నాళ్లకు ముఖం దారిలోకి వచ్చింది. నుదురు ఇస్త్రీ చేసినట్టు చదునైంది, పెదవుల మీద ఉందా లేదా అన్నంత చిరునవ్వు నిలబడింది. ఇంట్లో మాత్రం దీని పర్యవసానాలు తీవ్రంగా ఉన్నాయి. భార్య ముఖం చిటపటలాడుతున్నంతకాలం అంతా బాగానే ఉందని నిశ్చింతగా బతికిన మనిషి, ఆ ప్రసన్నతను చూసి హడలిపోయి, ఎవరూ అడగకుండానే మిక్సీ జారు పగలగొట్టింది తనేనని ఒప్పుకున్నాడు. ఆమె చిరునవ్వుతో విన్నది. దాంతో ఆయన, ఆమె తమ్ముడి పెళ్లికి కడుపునొప్పి అని రాకపోవడం అబద్ధమని కూడా చెప్పేశాడు.

మూడో పరీక్ష రోజు వచ్చింది. అధికారి కుర్చీలో సర్దుకున్నాడు. మిరియాలక్క మొదటి జెండాను దులిపి, మడిచి, చేతుల్లోకి తీసుకుంది. పట్టుకోగానే ఆమె వేళ్లకు తెలిసింది, ఇది నూలు కాదు, నైలాను. కొత్తగా వచ్చిన సరుకు ఇంత త్వరగా చిరిగిపోయి ఆమె చేతికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. నూలు జెండా అంటుకుంటే నెమ్మదిగా బూడిదవుతుంది. నైలాను కరుగుతుంది, కరిగి కారుతుంది, కారినచోట అతుక్కుంటుంది.

అది ఆమె కుడిచేతి మీద అతుక్కుంది.

నాలుక అంగిట్లో ఆనించింది. బుగ్గలు వదిలేసింది. చర్మం మీద నిప్పుబొట్లు ఒక్కొక్కటే పడుతుంటే, జెండా మధ్యలో జారి నేలకు తాకకుండా చివరి పీలిక దాకా పట్టుకుని, పొయ్యిలో పడ్డాక నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ముఖం నిండు చెరువులా ఉంది.

అధికారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "అద్భుతం అమ్మా! నా ఉద్యోగంలో ఇంత ప్రశాంతమైన ముఖం చూడలేదు. ఇంక మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"సంతోషం సార్. చెయ్యి కాలింది" అంది మిరియాలక్క.

అధికారి చెయ్యి చూడబోయి, అది తన పరిధిలోనిది కాదని గుర్తొచ్చి మళ్లీ ముఖం చూశాడు. "కాలినట్టు లేదే!"

"చూడండి, తోలు ఊడొస్తోంది. పెద్దాసుపత్రికి వెళ్తాను సార్."

"వెళ్లండి, కాదనను. కానీ ఆ వార్డు లేదు కదమ్మా. దాన్ని మా శాఖకే ఇచ్చారు. ముఖాల శిక్షణ అక్కడే మొదలుపెడుతున్నాం. మంచాలన్నీ తీసేసి అద్దాలు పెట్టించాం, వెలుతురు బాగుంటుంది." ఆయన గొంతు ఆత్మీయంగా మారింది. "మీరొచ్చి పాఠాలు చెప్పకూడదూ?"

మిరియాలక్క కాలిన చెయ్యి చూసుకుంది. చెయ్యి భగభగ మండుతోంది. ఆ మంట మోచేతి దాకా, భుజం దాకా, అక్కణ్ణించి గుండెల్లోకి పాకింది. ఇన్నేళ్ల బతుకులో ఆమెకు నిజంగా కోపం రావడం అదే మొదటిసారి. అంత కోపంలో ముఖం ఎలా పెట్టాలో ఆమెకు తెలియదు. కాబట్టి పెట్టిన ముఖం పెట్టినట్టే ఉంది.

ఆమె గోదాములోకి వెళ్లింది. పాతవాటి గుట్టను దాటిపోయి, బీరువా తెరిచి, ఇంకా కాగితం పొట్లం విప్పని కొత్త జెండా ఒకటి ఎడమచేత్తో తీసింది. దులపలేదు, మడవలేదు. పొయ్యి దగ్గరికి వచ్చి, "చూస్తున్నారా సార్?" అని అడిగి, నిప్పులో వేసింది.

అధికారి ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, అది కొత్తది కదా! చిరగలేదు కదా!"

"చిరగలేదు సార్."

"మరి ఎందుకు కాల్చారు?"

"కోపం వచ్చి."

అధికారి కంగారుగా కళ్లజోడు తుడుచుకుని, దగ్గరికి వచ్చి, ఆ నుదురు చూశాడు, కనుబొమలు చూశాడు, పెదవులు చూశాడు. ఎక్కడా ఒక్క ముడత లేదు. ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూర్చుని నివేదిక పూర్తి చేశాడు.

"గౌరవం సంపూర్ణం. ఉద్యోగినికి హాస్యప్రియత్వం కూడా కలదు."